విస్కీ కాక్‌టెయిల్: పులుపు-తీపి లెక్క వేరు, నీళ్ల లెక్క వేరు

2025లో దసరా సరిగ్గా గాంధీ జయంతి నాడే వచ్చింది. ఆ రోజు వైన్సులూ బంద్, మటన్ దుకాణాలూ బంద్. అందుకని హన్మకొండలో మా ఇంట్లో దావత్ మరునాటికి పెట్టుకున్నాం. మా బామ్మర్ది వస్తూనే అడిగాడు: "బావా, హైదరాబాద్‌ల విస్కీ సోర్ తాగిన, మస్తున్నది. ఇంట్ల చేయరాదా?" నేను అప్పటికే ఒక వీడియో చూసి ఉన్నాను. 60 మిల్లీలీటర్ల విస్కీ, 30 నిమ్మరసం, 15 చక్కెర పాకం. మందు పలచనైపోతుందేమోనని రెండే రెండు ఐస్ ముక్కలు వేసి, చెంచాతో నాలుగుసార్లు తిప్పి, ఆ ముక్కలు తీసేసి ఇచ్చాను.

ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు. "బావా, నోరంత గుంజుతున్నది. కొన్ని నీళ్లు పోసుకుంట," అని చెంబు అందుకున్నాడు. నీళ్లు పోసుకుని మళ్లీ తాగి, "ఇగ తాగొచ్చు," అన్నాడు. మంచిగున్నదని మాత్రం అనలేదు. నేనూ రుచి చూశాను. పంటిని పట్టే పులుపు తగ్గింది, విస్కీ వాసన ముక్కుకు తెలుస్తోంది. అయినా ఏదో ఒక పక్కకు ఒరిగినట్టే ఉంది.

నీళ్లు పోస్తే సగం బాగుపడి, సగం బాగుపడకపోవడం ఏమిటి? ఆ ప్రశ్నే నన్ను పట్టుకుంది. తర్వాత కొలతలు రాసుకుంటూ, ఒక్కో శనివారం ఒక్కో గ్లాసు చేస్తూ వచ్చాక నాకు తేలింది ఇది: 'బ్యాలెన్స్' అని అందరూ ఒకే మాటగా చెప్పేదాంట్లో నిజానికి రెండు లెక్కలున్నాయి. పులుపుకూ తీపికీ మధ్య పొత్తు ఒకటి. ఆ మొత్తానికి ఎన్ని నీళ్లు అన్నది రెండోది. ఒకదాంట్లో తప్పు జరిగితే రెండోదాంతో దిద్దలేం. నా గ్లాసులో ఆ రోజు రెండూ తప్పాయి. బామ్మర్ది పోసిన నీళ్లు రెండో తప్పును సరిచేశాయి, మొదటిది అలాగే ఉండిపోయింది.

మన ఇళ్లలో ఈ తేడా తెలియని వంటమనిషి ఉండదు. పచ్చి పులుసు కలిపేటప్పుడు మా అమ్మను చూడండి. చింతపండు పిసికి, ఉప్పు వేసి, కాల్చిన పచ్చిమిర్చి నలిపి, ఉల్లిగడ్డ వేసి ఒక చుక్క నాలుక మీద వేసుకుంటుంది. అన్నీ గట్టిగా తగిలితే నీళ్లు పోస్తుంది. ఉప్పూ కారం సరిగ్గానే ఉండి పులుపు ఒక్కటే ఎగిరితే బెల్లం ముక్క వేస్తుంది. నీళ్లు అన్నింటినీ కలిపి తగ్గిస్తాయి. బెల్లం ఒక్క పులుపుకే ఎదురు నిలబడుతుంది. ఈ రెండు పనులనూ ఆమె ఎప్పుడూ కలిపేయదు. కాక్‌టెయిల్‌కు కావలసిన తెలివి అంతా ఇందులోనే ఉంది. తక్కినవి కొలతలు.

1806లో అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ ఊళ్లో ఒక పత్రికను ఎవరో పాఠకుడు 'కాక్‌టెయిల్ అంటే ఏమిటి' అని అడిగితే, ఏదైనా సారాయి, చక్కెర, నీళ్లు, చేదు దినుసులు కలిపిన పానీయం అని జవాబు ఇచ్చారు. నీళ్లను అందులో పేరు పెట్టి చెప్పారు. ఇంకా వెనక్కి వెళితే, 17వ శతాబ్దంలో ఇంగ్లీషు నావికులు మన తీరం నుంచి పట్టుకెళ్లిన 'పంచ్' ఉంది. ఆ పేరు మన 'పంచ' నుంచే వచ్చిందన్నది ఎక్కువగా వినిపించే మాట. మందు, పులుపు, తీపి, మసాలా, నీళ్లు, ఈ ఐదూ అందులో ఉండేవి. తర్వాత ఐస్ చవకయ్యాక నీళ్లు దినుసుల జాబితాలోంచి తప్పుకున్నాయి. ఐస్ కరిగి ఆ పని చేస్తుంది కనుక రాయడం మానేశారు. వీడియో చూసి చేసేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే, ఎందుకంటే అక్కడి ఐస్, అక్కడి ఎండ, అక్కడి నిమ్మ మన ఇంట్లో ఉండవు.

నిమ్మకాయ నుంచి మొదలుపెడదాం

విదేశీ వంటకాల్లో 'ఒక నిమ్మకాయ రసం' అంటే పసుపు రంగులో ఉండే పెద్ద కాయ. ఒక్కదానిలోనే 40 మిల్లీలీటర్ల దాకా రసం వస్తుంది. మన సంతలో దొరికేది చిన్న కాయ, పలచటి తొక్క. అది ఇంగ్లీషులో లైమ్ అనే జాతిది. ఒక కాయకు 10 నుంచి 15 మిల్లీలీటర్లు వస్తే గొప్ప. ఏప్రిల్‌లో ధర ఆకాశంలో ఉన్నప్పుడు కాయ ఎండిపోయి అంతకూడా రాదు. కాబట్టి కాయలు లెక్కపెట్టొద్దు, రసం కొలవండి. కొలిచే గ్లాసు లేకపోతే దగ్గు మందు సీసా మీద వచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పు చాలు, దాని మీద గీతలు ఉంటాయి.

మన నిమ్మరసంలో ఆమ్లం దాదాపు 6 శాతం. వాసన కూడా పసుపు నిమ్మ కంటే ఘాటు. పిండేటప్పుడు కాయను చివరిదాకా నలిపితే తొక్కలోని నూనె, తెల్ల పొర చేదు దిగుతాయి. కొంచెం రసం కాయలోనే మిగిలినా పర్వాలేదు. పొద్దున పిండి సాయంత్రం వాడదామనుకుంటే ఆ లోపు రుచి చెడుతుంది. నిమ్మకాయ దొరకని రోజున కిరాణా దుకాణంలో అమ్మే నిమ్మ ఉప్పు 6 గ్రాములు 94 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగిస్తే పులుపు వరకు నిమ్మరసంతో సమానమవుతుంది. వాసన ఉండదు, కాబట్టి చిన్న తొక్క ముక్క వేసుకోవాలి.

బత్తాయి రసంతో చేయొచ్చా అని చాలామంది అడుగుతారు. నల్లగొండ బత్తాయి అంటే నాకూ ఇష్టమే. కానీ అందులో పులుపు చాలా తక్కువ, నిమ్మ చేసే పని అది చేయలేదు. పైగా పిండి పెట్టిన కాసేపటికి చేదెక్కుతుంది. బత్తాయి పోయాలనుకుంటే నిమ్మరసం పక్కన అదనంగా పోయండి, దానికి బదులుగా కాదు.

తీపి

చక్కెరను నేరుగా గ్లాసులో వేస్తే చల్లటి మందులో కరగదు, అడుగున కూర్చుంటుంది. అందుకే పాకం. 100 గ్రాముల చక్కెర, 100 గ్రాముల నీళ్లు, కరిగేదాకా వేడి చేస్తే చాలు, తీగ పాకం అక్కర్లేదు. ఈ పాకం 20 మిల్లీలీటర్లలో సుమారు 12 గ్రాముల చక్కెర ఉంటుంది. ఫ్రిజ్‌లో రెండు వారాలు నిలుస్తుంది.

బెల్లం పాకం నాకు ఇంకా నచ్చుతుంది. మేడారంలో బంగారమని పిలిచే ఆ బెల్లంలో కాస్త ఉప్పదనం, కాస్త కాలిన వాసన ఉంటాయి. పీపాలో పండిన విస్కీ వాసనకు అవి బాగా జతపడతాయి. అదే కొలతతో చేసి, మరిగించి, గుడ్డలో వడకట్టాలి. తీపి చక్కెర పాకం కంటే కొద్దిగా తక్కువ కాబట్టి ఒక చెంచాడు ఎక్కువ పడుతుంది.

బెల్లం, మందు అన్న రెండు మాటలు పక్కపక్కన వింటే మా వరంగల్ వైపు పెద్దవాళ్లకు గుడుంబా గుర్తొస్తుందని నాకు తెలుసు. నల్లబెల్లం పులియబెట్టి దొంగచాటుగా కాచిన ఆ సారా తండాల్లో, పల్లెల్లో ఎన్ని ఇళ్లను ఆర్పిందో చూసినవాళ్లం. ఇక్కడ పులియబెట్టడమూ లేదు, కాచడమూ లేదు. ముద్రతో ఉన్న సీసాలోని మందుకు తీపి కలపడం వరకే. లేబుల్ లేని సీసా ఎవరిచ్చినా ముట్టొద్దు.

ఇప్పుడు మొదటి లెక్క. 60 మిల్లీలీటర్ల విస్కీకి 20 నిమ్మరసం, 20 పాకం. ఆమ్లం సుమారు 1.2 గ్రాములు, చక్కెర 12 గ్రాములు. అంటే పులుపుకు పదింతల తీపి. దసరా మరునాడు నేను చేసిన దాంట్లో ఆమ్లం 1.8 గ్రాములు, చక్కెర 9 గ్రాములు. ఐదింతలే. అందులో చెంబెడు నీళ్లు పోసినా ఐదింతలు ఐదింతలుగానే ఉంటుంది. ఇంకో 9 గ్రాముల చక్కెర పడి ఉంటే ఆ రోజే సంగతి తేలిపోయేది. పదింతలన్నది చాలామంది నాలుకకు సరిపోయే చోటు మాత్రమే. ఎనిమిదింతలకు ఇష్టపడేవాళ్లున్నారు, పన్నెండింతలు కావాలనేవాళ్లూ ఉన్నారు.

విస్కీ సంగతి

మన సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. ఆ వింత అంకె బ్రిటిష్ కాలం నాటిది. వాళ్ల పాత కొలతలో 100 ప్రూఫ్ అంటే 57.1 శాతం ఆల్కహాల్. దానిలో ముప్పావు వంతు, అంటే 75 ప్రూఫ్, 42.8 అవుతుంది.

తక్కువ, మధ్య ధరల్లో దొరికే మన విస్కీల్లో చాలావాటికి ఆధారం మొలాసిస్ (చెరకు మడ్డి) నుంచో ధాన్యం నుంచో తీసిన, రుచి లేని స్పిరిట్. దానికి కొంత మాల్ట్, అంటే మొలకెత్తించిన బార్లీతో తీసిన స్పిరిట్, కలుపుతారు. యూరప్ నిబంధనల ప్రకారం విస్కీ అనాలంటే ధాన్యం నుంచే తీయాలి, కనీసం మూడేళ్లు చెక్క పీపాల్లో ఉంచాలి. వీడియోల్లో వాడేది ఎక్కువగా అమెరికా బర్బన్. అందులో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపలి వైపు కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో ఉంచాలి. ఆ కాలిన చెక్క నుంచి వెనిలా, పంచదార మాడినట్టుండే వాసన వస్తాయి. ఆ వాసన నాలుకకు తీపిని ముందే గుర్తుచేస్తుంది కనుక వాళ్ల కొలతల్లో కాస్త ఎక్కువ నిమ్మ చెల్లుతుంది. మన మామూలు విస్కీలో ఆ దన్ను తక్కువ, నిమ్మ నేరుగా తగులుతుంది. 30కి బదులు 20 అనడానికి ఇదొక కారణం.

అంత మాత్రాన ఖరీదైన సీసా కొనాలని కాదు. బెంగళూరులో తయారై 2004లో గ్లాస్గోలో తొలిసారి విడుదలైన అమృత్ సింగిల్ మాల్ట్ లాంటివి మన దేశంలోనే ఉన్నాయి. వాటిని నిమ్మరసంలో ముంచడం నాకు మనసొప్పదు, నీళ్లు చుక్క వేసుకుని తాగడమే న్యాయం. కాక్‌టెయిల్‌కు మధ్య ధర సీసా చాలు.

నీళ్లు, ఐస్, మన ఎండ

ఎక్కువ మందికి ఉన్న అపోహే నాకూ ఉండేది: ఐస్ ఎక్కువ వేస్తే మందు పలచనవుతుందని. నిజం దీనికి దాదాపు ఎదురుగా ఉంటుంది. ఒక గ్రాము ఐస్ కరిగేటప్పుడు 80 క్యాలరీల వేడి లాక్కుంటుంది. కరగకముందు, ఫ్రీజర్ చలి నుంచి సున్నాకు వచ్చేదాకా, అది లాగేది 9 క్యాలరీలే. అంటే ఐస్ చల్లబరిచేది కరగడం వల్లనే. కరగకుండా చల్లబరచమని దాన్ని అడగలేం. ఐస్ కొంచెమే వేస్తే అదంతా కరిగిపోతుంది, మందు చల్లబడదు, తర్వాత గ్లాసులో వెచ్చనెక్కుతుంది. నిండా వేస్తే కావలసినంతే కరిగి, మిగిలింది గట్టిగా నిలబడుతుంది.

కాబట్టి షేకర్‌లో ఐస్ నిండుగా వేయాలి. షేకర్ లేకపోతే మూత గట్టిగా పడే వెడల్పు నోటి స్టీలు డబ్బా సరిపోతుంది. గాజు సీసా వద్దు. పన్నెండు నుంచి పదిహేను సెకన్లు గట్టిగా ఊపితే 100 మిల్లీలీటర్ల మిశ్రమానికి సుమారు 30 మిల్లీలీటర్ల నీళ్లు చేరతాయి. మొత్తం 130. అందులో ఆల్కహాల్ 20 శాతం, చక్కెర 9 శాతం పైచిలుకు. కూల్‌డ్రింక్ కోలాలో 100 మిల్లీలీటర్లకు దాదాపు 10 గ్రాముల చక్కెర ఉంటుంది, దానికి తగ్గ పులుపూ ఉంటుంది. విస్కీలో కోలా పోసుకునేవాళ్లకు అది ఎందుకు నచ్చుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. పులుపు-తీపి లెక్కను కంపెనీ ముందే వేసి పెట్టింది.

ఇక మన ఎండ. ఆ కొలతలు రాసిన చోట గది వేడి 20 డిగ్రీలు ఉంటుంది. మే నెలలో వరంగల్‌లో అల్మారాలోని సీసా 40 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ అదనపు 20 డిగ్రీలను దించడానికి ఇంకో 20 మిల్లీలీటర్ల ఐస్ కరగాలి. 30 కావలసిన చోట 50 చేరతాయి. అదే మందు, అదే కొలత, అయినా జనవరిలో బాగున్నది మేలో నీళ్లలా అనిపించడానికి కారణం ఇదే. విరుగుడు తేలిక. విస్కీ, పాకం, నిమ్మకాయలు గంట ముందు ఫ్రిజ్‌లో పెట్టండి.

ఇంకొందరు ఉత్సాహంగా విస్కీని ఫ్రీజర్‌లోనే పెడతారు. అది అక్కడ గడ్డకట్టదు. కానీ అంత చల్లటి విస్కీ ఐస్‌ను సరిగ్గా కరగనివ్వదు, అప్పుడు ఘాటు తగ్గదు, పులుపూ గుచ్చుతుంది. అలా చేస్తే 15 నుంచి 20 మిల్లీలీటర్ల మంచినీళ్లు చేత్తో కొలిచి పోయాలి. నీళ్లు కూడా ఒక దినుసే అని నాకు పూర్తిగా తెలిసొచ్చింది అలా పోసిన రోజునే.

ఐస్ తాగే నీళ్లతోనే కట్టుకోండి. బోరు నీళ్ల ఉప్పదనం గ్లాసులోకి వస్తుంది. మూత లేని ట్రేలో కట్టిన ఐస్‌కు ఫ్రిజ్‌లోని కూర వాసన పడుతుంది. బజారులో చేపల మీద వేసే గడ్డ ఐస్ తాగడానికి కాదు.

ఊపడమా, కలపడమా అన్నదానికి జవాబు చిన్నది. నిమ్మరసం ఉంటే ఊపాలి, గాలి చేరి రుచి తేలికవుతుంది. మందు, తీపి, చేదు మాత్రమే ఉన్న ఓల్డ్ ఫ్యాషన్డ్ లాంటివాటిని అర నిమిషం చెంచాతో తిప్పితే చాలు. దానిలో పులుపు లేదు కనుక తీపికి ఎదురుగా చేదు నిలబడాలి. 60 మిల్లీలీటర్ల విస్కీకి ఒక చెంచాడు పాకం దాటకూడదు. చేదు కోసం వాడే అంగోస్తురా బిట్టర్స్‌ను 1824లో వెనిజులాలో ఒక జర్మన్ వైద్యుడు తయారుచేశాడు, ఇప్పుడు ట్రినిడాడ్‌లో చేస్తున్నారు. మా వైపు దుకాణాల్లో నాకు కనబడలేదు. నేను చలికాలంలో కమలా తొక్కను తెల్ల పొరతో సహా ఎండబెట్టి, నాలుగు లవంగాలు, చిన్న దాల్చినచెక్క ముక్కతో 60 మిల్లీలీటర్ల విస్కీలో వారం రోజులు నానబెట్టి వడకడతాను. అసలుదానితో పోల్చలేం గానీ ఐదారు చుక్కలు పడితే తీపి అదుపులోకి వస్తుంది.

నురగ కోసం గుడ్డు తెల్లసొన వేస్తారు. పచ్చిది కాబట్టి నేను వేయను.

రుచి దిద్దుకోవడం

రుచి చూడాల్సింది చల్లబడ్డాకే. చలికి నాలుకకు తీపి తక్కువ తెలుస్తుంది. వెచ్చగా ఉన్నప్పుడు సరిపోయిందనిపించిన తీపి ఐస్ తగిలాక చాలదు. అదే కారణంగా నెమ్మదిగా తాగేవాళ్లకు గ్లాసు చివర్లో తీపి వెగటు పుడుతుంది.

ఒక చెంచా నాలుక మీద వేసుకుని అమ్మ పచ్చి పులుసుకు వేసుకునే ప్రశ్నే వేసుకోండి. అన్నీ గట్టిగా ఉన్నాయా, ఒక్కటే ఎగిరిందా? గొంతు మండి, పులుపూ తీపీ రెండూ గట్టిగా తగిలితే 10 మిల్లీలీటర్ల నీళ్లు. పులుపు ఒక్కటే గుంజితే 5 మిల్లీలీటర్ల పాకం. తీపి నాలుకకు అంటుకుంటే 3 మిల్లీలీటర్ల నిమ్మరసం, ఎక్కువ వద్దు. అన్నీ సరిగ్గా ఉండి కూడా చప్పగా, కాస్త చేదుగా ఉంటే చిటికెడులో సగం ఉప్పు. ఉప్పు చేదును అణుస్తుంది. ఒకేసారి రెండు మార్పులు చేయొద్దు, ఏది పనిచేసిందో తెలియదు.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. బ్యాలెన్స్ కుదిరిన గ్లాసులో మందు ఘాటు తెలియదు. కానీ ఆ 60 మిల్లీలీటర్లలో 20 గ్రాముల ఆల్కహాల్ అలాగే ఉంటుంది. దాన్ని శరీరం వదిలించుకోవడానికి రెండు మూడు గంటలు పడుతుంది. షర్బత్‌లా ఉందని వెంటనే రెండోది, మూడోది పోసుకునేవాళ్లను మా దావతుల్లో చూశాను. నేను మొదటిదానికీ రెండోదానికీ మధ్య అన్నం పెట్టించేస్తాను. బండి మీద వచ్చినవాళ్లు ఇంట్లోనే పడుకోవాలి. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, మొదటిసారికే 10 వేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మందు అమ్మకూడదన్న చట్టం ఇంట్లో కలిపేవాళ్లకూ గుర్తుండాలి.

చివరగా, పక్కన ఏం నంజుకుంటున్నారన్నదాన్నిబట్టి కూడా లెక్క మారుతుంది. కారం తిన్న నాలుక మీద ఆల్కహాల్ మంట ఇంకా ఎక్కువ తెలుస్తుంది, తీపి ఆ మంటను చల్లారుస్తుంది. నువ్వులు, పల్లీలు, ఎండు కారం దట్టించిన సర్వపిండి పెడుతున్నప్పుడు నేను పాకం 20 నుంచి 25కు పెంచుతాను, ఐస్ పూర్తిగా నింపుతాను. ఉప్పు, ఉల్లిగడ్డ, నిమ్మ పిండిన గుడాలైతే పులుపు అందులోనే ఉంది కనుక గ్లాసులో నిమ్మరసం 15కు తగ్గిస్తాను. మటన్ బోటీ వేపుడుకు మాత్రం సోర్ కంటే ఉత్త సోడా నయం. 60కి 150 సోడా, బాగా చల్లటిది, గ్లాసు అంచు వెంట పోయాలి. చల్లగా ఉంటేనే సోడాలో గ్యాస్ నిలుస్తుంది. పైన సన్నటి నిమ్మ తొక్క ఒకటి నలిపి వేస్తే అందులో ఇంకేమీ కలపాల్సిన పని లేదు.